డాన్స్ షో ఆడిషన్‌లో ఆడియెన్స్‌గా కూర్చోవడమంటే ఏమిటి?

బెంగళూరులో మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్, కె.ఆర్.పురం వైపు పీజీల్లో ఉండే తెలుగు పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్ అప్పుడప్పుడూ తిరుగుతుంటుంది: “డాన్స్ షో ఆడిషన్స్. ఆడియెన్స్ కావాలి. ఆదివారం పొద్దున ఏడింటికి రిపోర్టింగ్. టిఫిన్, భోజనం ఫ్రీ. తెల్ల బట్టలు వద్దు. ఆధార్ తెచ్చుకోండి.” దాని కింద వరసగా ప్రశ్నలు. ఆడిషన్ అంటే మనం కూడా డాన్స్ చెయ్యాలా? టికెట్ ఎంత? డబ్బులు వాళ్ళే ఇస్తారట, నిజమేనా? మధ్యలో లేచి వచ్చెయ్యొచ్చా? ఫోన్ లోపలికి పంపిస్తారా?

ఇందులో దాచాల్సిన రహస్యమేమీ లేదు, కానీ ఎవరూ విడమరిచి చెప్పరు. మెసేజ్ పంపినతనికి మనుషుల లెక్క కావాలి. వెళ్ళేవాళ్ళకు స్టేజీని దగ్గరనుంచి చూడాలన్న సరదా ఉంటుంది. ఈ రెండింటి మధ్య చెప్పాల్సినవి చాలానే మిగిలిపోతాయి. వెళ్ళొచ్చినవాళ్ళలో సగం మంది “మోసపోయాం” అనడానికీ, మిగతా సగం “భలే ఉంది” అనడానికీ కారణం అదే. ఇద్దరూ చూసింది ఒకే షూట్.

## టీవీలో కనిపించేది మొదటి ఆడిషన్ కాదు

డాన్స్ షోలలో ఎంపిక సాధారణంగా రెండు మూడు మెట్లలో జరుగుతుంది. మొదటిది గ్రౌండ్ ఆడిషన్. ఏదో కాలేజీ ఆవరణలోనో, హాల్లోనో పెడతారు. పొద్దున్నుంచే క్యూ ఉంటుంది. ఒక్కొక్కరికీ నంబరు ఇచ్చి, నిమిషమో రెండు నిమిషాలో ఆడమంటారు. అక్కడ చూసేది టీవీలో మనకు తెలిసిన జడ్జిలు కాదు. కొరియోగ్రాఫర్లు, షో టీమ్ వాళ్ళు చూస్తారు. తోడు వచ్చిన అమ్మానాన్నలు, డాన్స్ క్లాసు మాస్టర్లు తప్ప ఆడియెన్స్ అంటూ ఎవరూ ఉండరు. ఈ మధ్య ఈ మెట్టును వీడియోలు తెప్పించుకుని కూడా కానిచ్చేస్తున్నారు.

ఆ వడపోత దాటినవాళ్ళు స్టూడియో ఆడిషన్‌కు వస్తారు. సెట్టు, లైట్లు, యాంకర్, పేరున్న జడ్జిలు ఉండేది ఇక్కడే. ఆడియెన్స్ కావాల్సిందీ ఇక్కడే. జీ టీవీలో 2009లో మొదలైన ‘డాన్స్ ఇండియా డాన్స్’ ఆడిషన్ ఎపిసోడ్లు చూసినవాళ్ళకు ఎంపికైనవాళ్ళ తల మీద పెట్టే టోపీ గుర్తుండే ఉంటుంది. ఆ మొదటి సీజన్ గెలిచిన సల్మాన్ యూసుఫ్ ఖాన్ బెంగళూరు కుర్రాడే. ఆ టోపీ పెట్టే క్షణానికి హాలంతా లేచి అరవాలి. అరిచేవాళ్ళు లేకపోతే ఒక మనిషి ఇంకో మనిషికి టోపీ పెట్టినట్టే ఉంటుంది.

మెసేజ్‌లో “ఆడిషన్స్” అని ఉన్నా, వెళ్ళినవాళ్ళు చూసేది చాలా వరకు వడపోత అయిపోయిన ఆటే. దీని వల్ల ఇంకో సంగతి కూడా తేలుతుంది. స్టూడియో ఆడిషన్‌లో స్టెప్పు రాక తడబడి నవ్వులపాలయ్యేవాళ్ళు కూడా ఒక్కోసారి కనిపిస్తారు. అంతమందిని దాటుకుని వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారని మనకు ఆశ్చర్యం. వాళ్ళను కూడా ఎవరో ముందే చూసి, ఎపిసోడ్‌కు పనికొస్తారనుకునే పంపారు. ఆ మనిషికి మాత్రం ఆ సంగతి తెలియకపోవచ్చు. తను బాగా ఆడాడు కాబట్టే పిలిచారని నమ్మి, కొత్త బట్టలు కొనుక్కుని వస్తాడు.

## ఆ కుర్చీల్లో ఎవరెవరుంటారు

స్టూడియోలో రెండు మూడు వందల కుర్చీలు వేసినా, అందులో కూర్చున్నవాళ్ళంతా ఒకేలా రాలేదు. ముందు వరసల్లో కంటెస్టెంట్ల ఇంటివాళ్ళుంటారు. వాళ్ళను ఎక్కడ కూర్చోబెట్టాలో ముందే అనుకుంటారు, ఎందుకంటే కెమెరా వాళ్ళను వెతుక్కుంటుంది. తర్వాత డాన్స్ స్కూళ్ళ పిల్లలు, కాలేజీ బృందాలు. వీళ్ళకు ఆట తెలుసు. కష్టమైన స్టెప్పు పడగానే వీళ్ళే ముందు కేక వేస్తారు. కొంతమంది ఛానెల్ వాళ్ళకో స్పాన్సర్లకో తెలిసినవాళ్ళు, పాసులతో వస్తారు. మిగతా కుర్చీలను నింపేది కోఆర్డినేటర్.

ఈ కోఆర్డినేటర్ ఎవరో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. సినిమా షూటింగులకు జూనియర్ ఆర్టిస్టులను తెచ్చే ఏజెంట్లు ఎప్పటినుంచో ఉన్నారు. మద్రాసులో కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం చుట్టూ ఆ వృత్తి మీద బతికిన కుటుంబాలున్నాయి. తెలుగు సినిమా అక్కడ ఉన్న రోజుల్లో వాళ్ళలో తెలుగువాళ్ళూ చాలామందే. టీవీ రియాలిటీ షోలు వచ్చాక ఆ పద్ధతే ఆడియెన్స్‌కూ పాకింది. బెంగళూరులో ఇప్పుడు ఈ పని ఎక్కువగా ఫోన్ల మీద నడుస్తుంది. కోఆర్డినేటర్ కింద ఏరియాకొకరు ఉంటారు. ఒకతను పీజీలు చూసుకుంటాడు, ఒకామె ఆడవాళ్ళ సంఘాలను, ఇంకొకరు కాలేజీలను. “పెద్దవయసు ఆడవాళ్ళు ముప్ఫై మంది, యూత్ నూట ఇరవై” అని అడిగితే, వీళ్ళు అలాగే లెక్క పెట్టి తెస్తారు. కెమెరాకు కనిపించే గుంపు ఒక ఊరి జనంలా ఉండాలి కాబట్టి ఆ కలగలుపు.

## డబ్బు సంగతి

అన్ని షోలూ డబ్బివ్వవు. పేరున్న జడ్జి, హిట్టయిన సీజన్ అయితే ఊరికే వచ్చేవాళ్ళే బోలెడు. కొత్త షో అయినా, పనిదినాల్లో షూట్ పెట్టినా, రాత్రి దాకా సాగేదైనా మనుషులు దొరకడం కష్టం. అప్పుడే కోఆర్డినేటర్ ద్వారా తలకింత అని ఇస్తారు. సాధారణంగా అది కొన్ని వందల రూపాయల్లోనే ఉంటుంది.

ఈ డబ్బు చివరికి ఎందుకు తగ్గిపోతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రొడక్షన్ వాళ్ళు కోఆర్డినేటర్‌కు తలకు 700 అనుకున్నారనుకోండి. బస్సు ఏర్పాటు, తన కమిషన్ పోగా అతను ఏరియా మనిషికి 500 చెబుతాడు. ఏరియా మనిషి తన వంతు తీసుకుని, కుర్చీలో కూర్చునేవాళ్ళకు 350 అంటాడు. ఇందులో ఎవరూ దొంగతనం చెయ్యలేదు. కానీ పక్కపక్కన కూర్చున్న ముగ్గురు వేరే వేరే మనుషుల ద్వారా వచ్చి ఉంటే, ఒకరికి 350, ఇంకొకరికి 500 రావచ్చు, ఇంకొకరికి ఏమీ రాకపోవచ్చు. సాయంత్రం ఈ లెక్క బయటపడినప్పుడే గొడవలవుతాయి.

డబ్బు తీసుకుని చప్పట్లు కొట్టడం మోసమనేవాళ్ళున్నారు. ఇంట్లో కూర్చుని చూసేవాళ్ళు, అది జనం మనసులోంచి వచ్చిన మెప్పని నమ్ముతారు, ఆ నమ్మకాన్ని అమ్ముకుంటున్నారని వాళ్ళ వాదన. అవతలివాళ్ళు చెప్పేదీ కొట్టిపారేసేది కాదు. ఒక రోజంతా, కదలకుండా, చెప్పినట్టు కూర్చోవడం పనే. పనికి కూలి ఇవ్వకపోతేనే తప్పు. డబ్బు తీసుకున్నంత మాత్రాన బాగున్నది బాగున్నట్టు అనిపించకుండా పోతుందా అంటారు. నాకు రెండో వాదనే సబబుగా తోస్తుంది. కూలి తీసుకున్న ఆడియెన్స్ వల్ల ఆట చెడిపోయిన సందర్భం నేను చూడలేదు. తప్పు ఎక్కడుందంటే, ఎన్ని గంటలు, ఎంత డబ్బు, ఎప్పుడు వదులుతారు అన్నది బస్సెక్కకముందు చెప్పకపోవడంలో ఉంది. హాస్టల్ గేటు రాత్రి పదింటికి మూసేస్తారని తెలిసిన అమ్మాయి తొమ్మిదిన్నరకు కోఆర్డినేటర్ వెనక తిరుగుతూ బతిమాలడం చూస్తే, ఆ చెప్పని మాట విలువ ఎంతో అర్థమవుతుంది.

## పొద్దున వెళితే రాత్రెందుకవుతుంది

కొత్తగా వెళ్ళినవాళ్ళకు ఎక్కువ విసుగు పుట్టించేది ఇదే. టీవీలో ఒక కంటెస్టెంట్‌కు ఆరేడు నిమిషాలు. మరి పొద్దున ఏడింటికి వెళ్ళినవాళ్ళను రాత్రి దాకా ఎందుకుంచుతారు?

ఒక కంటెస్టెంట్‌ను తీసుకుని లెక్క వేద్దాం. ఎంట్రీ, యాంకర్ మాటలు నాలుగు నిమిషాలు. డాన్స్ రెండు నిమిషాలు. ముగ్గురు జడ్జిలు మాట్లాడటానికి పది నిమిషాలు. ఫలితం, ఏడుపులు, కౌగిలింతలు ఐదు నిమిషాలు. తర్వాత స్టేజీ తుడవాలి, పూలరేకులో రంగు కాగితాలో పడితే ఏరాలి, పొగ పోవాలి, తర్వాతి పాటకు లైటింగ్ మార్చాలి: పదిహేను నిమిషాలు. మైకు గరగరలాడితే జడ్జి మాట మళ్ళీ చెప్పించాలి, అదొక ఐదు నిమిషాలు. మొత్తం నలభై ఒకటి. పన్నెండుగురు కంటెస్టెంట్లయితే ఎనిమిది గంటల పైనే. భోజనం, జడ్జిల టచప్, ఎక్కడో ఒక సాంకేతిక లోపం కలిపితే పది, పదకొండు. ఎవరూ నిర్లక్ష్యం చెయ్యకపోయినా పడే సమయం ఇది. జడ్జి ఆలస్యంగా వస్తే దానికి అది అదనం.

ఈ గంటలన్నీ ఆడియెన్స్ అక్కడే ఎందుకుండాలి అంటే కంటిన్యుటీ కోసం. నాలుగో కంటెస్టెంట్ అప్పుడు వెనక కనిపించిన ఆకుపచ్చ చొక్కా అబ్బాయి, జడ్జి మాట్లాడేటప్పుడు మాయమైపోతే కట్ అతకదు. అందుకే సీటు మారనివ్వరు, బాత్రూముకు కూడా బ్రేక్‌లోనే అంటారు. బట్టల మీద ఆంక్షలూ కెమెరా కోసమే. తెలుపు లైట్లకు మెరిసిపోతుంది. సన్న చారలు, చిన్న గళ్ళు తెర మీద అలల్లా కదులుతాయి. కంపెనీ పేర్లున్న టీషర్టులు స్పాన్సర్లతో తంటా తెస్తాయి.

సీట్లు వదిలి అటూ ఇటూ తిరగనివ్వకపోవడానికి ఇంకో కారణం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2020 ఫిబ్రవరి 19న చెన్నై శివార్లలోని ఈవీపీ ఫిల్మ్ సిటీలో ఒక పెద్ద సినిమా షూటింగుకు లైట్లు కట్టిన క్రేన్ కూలి ముగ్గురు చనిపోయారు. ఫ్లోర్ మీద తలపైన వేలాడేది ఎంత బరువో కింద ఉన్నవాళ్ళకు తెలియదు. “అక్కడ నిలబడొద్దు” అని లైట్‌బాయ్ కసిరితే చాలామంది చిన్నబుచ్చుకుంటారు, కానీ అతను కసిరేది అందుకే.

## ఏడుపూ నవ్వూ ముందే తీసిపెట్టుకుంటారు

నేను కూర్చున్న ఒక షూట్‌లో మొదటి కంటెస్టెంట్ ఇంకా మేకప్ గదిలో ఉండగానే మాతో చప్పట్లు కొట్టించడం మొదలుపెట్టారు. స్టేజీ ఖాళీ. వెనక ఎల్‌ఈడీ తెర మీద షో పేరు మాత్రం తిరుగుతోంది. జిమ్మీ జిబ్, అంటే పొడవాటి కడ్డీ చివర బిగించిన కెమెరా, మా తలల మీదుగా ఈ చివరినుంచి ఆ చివరికి పోతోంది. ఫ్లోర్ మేనేజర్ మైకులో “ఎల్లరూ జోరాగి చప్పాళె తట్టి” (అందరూ గట్టిగా చప్పట్లు కొట్టండి) అన్నాడు, కన్నడం రాని తెలుగు పిల్లలు కూడా పక్కవాళ్ళను చూసి అందుకున్నారు. తర్వాత ఒక్కొక్కటే: ఇప్పుడు ఆశ్చర్యం. ఇప్పుడు నవ్వు. ఇప్పుడు లేచి నిలబడి. ఇప్పుడు ఎమోషనల్, కన్నీళ్ళొస్తే ఆపుకోవద్దు. నా ముందు వరసలో ఒక పెద్దావిడ, మనవరాలి కోసం వచ్చినామె, చీర కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుని ఉంది. ఎమోషనల్ అనగానే ఆమెకు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కెమెరా వెంటనే ఆమె మొహం మీదికి దిగింది. అప్పటికి స్టేజీ మీద ఎవరూ ఆడలేదు.

వీటిని రియాక్షన్ షాట్స్ అంటారు. ఎడిటింగులో ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకోవడానికి పనికొస్తాయి. ఆ పెద్దావిడ కన్నీళ్ళు మూడో కంటెస్టెంట్ కథకు వెళ్ళాయో, ఎనిమిదో కంటెస్టెంట్ కథకు వెళ్ళాయో ఆమెకే తెలియదు.

ఇది మోసమా? టీవీ పని తెలిసినవాళ్ళు చెప్పేది ఇది: ఉన్న కెమెరాలలో ఎక్కువ భాగం డాన్సర్ మీద ఉండాలి, కాళ్ళు ఒకరు, మొహం ఒకరు, మొత్తం స్టేజీ ఒకరు. అసలు క్షణంలో ఆడియెన్స్ మీద పెట్టడానికి ఒకటో రెండో మిగులుతాయి. అందుకని ముందే కొన్ని తీసిపెట్టుకోవడం తప్పదు. హాల్లో నిజంగా చప్పట్లు మోగాయి, అవి కెమెరాకు అందలేదు, మేం అందిస్తున్నాం, అంతే అంటారు. చూసేవాళ్ళలో కొందరి బాధ వేరు. నేను ఆ మొహాన్ని చూసే ఈ డాన్స్ గొప్పదనుకున్నాను, అది ఈ డాన్స్‌కు వచ్చిన మొహమే కాదంటే నన్ను ఎటో నడిపించినట్టే కదా అంటారు.

నేనైతే దీన్ని మూడు వాడకాలుగా విడదీసి చూస్తాను. హాలంతా నిజంగా లేచి చప్పట్లు కొట్టినప్పుడు, పొద్దున తీసిన చప్పట్ల షాట్ వేస్తే జరిగిందే చూపించినట్టు. ఓ మోస్తరుగా స్పందించినప్పుడు కన్నీళ్ళ షాట్ వేస్తే పెంచి చూపించినట్టు. ఇది మంచిది కాదు, కానీ ఎవరికీ దెబ్బ తగలదు. మూడోది వేరు. ఒక అబ్బాయి తడబడినప్పుడు హాల్లో అందరూ జాలిగా నిశ్శబ్దంగా ఉండగా, పొద్దున ఖాళీ స్టేజీని చూసి నవ్విన నవ్వులు అతని మీద వేస్తే, అతన్ని చూసి ఊరంతా నవ్విందన్నది అతని జీవితంలో ఉండిపోతుంది. నవ్విన మొహాల్లో మనదీ ఉండొచ్చు. ఆడియెన్స్‌గా వెళ్ళినవాళ్ళకు ఈ మూడో వాడకం మీద ఏ అదుపూ లేదు, అందుకే నాకు ఇది కలవరం కలిగిస్తుంది.

## చప్పట్లు అంటుకుంటాయి

అయితే హాల్లో వచ్చే చప్పట్లన్నీ చెప్పి కొట్టించినవేనా అంటే అదీ కాదు. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం పరిశోధకులు విద్యార్థుల చిన్న చిన్న గుంపులకు ఉపన్యాసాలు వినిపించి, చివర చప్పట్లు ఎలా మొదలై ఎలా ఆగుతాయో వీడియో తీసి పరిశీలించారు. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఒక మనిషి చప్పట్లు మొదలుపెట్టడం, ఆపడం గదిలో అప్పటికి ఎంతమంది కొడుతున్నారన్న దాన్ని బట్టి ఉందనీ, చప్పట్లు ఎంతసేపు సాగాయన్నదానికీ ఉపన్యాసం ఎంత బాగుందన్నదానికీ పెద్దగా పొంతన లేదనీ తేలింది. పక్కవాళ్ళను చూడటం కన్నా గదిలో మోత వినడమే ఎక్కువ పనిచేసిందట.

కోఆర్డినేటర్లు ఈ పరిశోధన చదివి ఉండరు. కానీ హుషారైన కుర్రాళ్ళను ఒకేచోట కూర్చోబెట్టకుండా నాలుగు మూలలా చల్లుతారు. ప్రతి మూలా ఇద్దరు మొదలుపెడితే మిగతావాళ్ళు తమంతట తామే అందుకుంటారు.

మనకు ఇది కొత్తేమీ కాదు. పద్య నాటకాల్లో రాగం సాగదీసి పద్యం ముగించగానే ఎక్కడో వెనక నుంచి ఒక గొంతు “వన్స్ మోర్” అనేది, మరుక్షణం పందిరంతా అదే మాట. నటుడు తెర పడబోతున్న సీన్‌ను ఆపి పద్యం మళ్ళీ పాడేవాడు. ఆ మొదటి గొంతు నటుడి మేనమామదో, పక్కా అభిమానిదో కావచ్చని అప్పుడూ గుసగుసలుండేవి. తేడా ఏమిటంటే అక్కడ జనం అరిస్తే నాటకం నిజంగా మారిపోయేది, వద్దనుకుంటే నోరు మూసుకుని కూర్చునే స్వేచ్ఛ కూడా జనానికి ఉండేది. స్టూడియో ఆడియెన్స్‌కు ఆ రెండూ లేవు.

జడ్జిల నిర్ణయం మీద ఈ చప్పట్ల ప్రభావం ఎంత అన్నది ఎక్కువమంది అడిగే ప్రశ్న. ఆడిషన్ దశలో ఓటింగ్ ఉండదు, లెక్క ప్రకారం ఆడియెన్స్‌కు ఏ పాత్రా లేదు. అయినా జడ్జిలూ అదే మోతలో కూర్చుంటారు. అనుభవమున్న మాస్టర్లు కాళ్ళనూ తాళాన్నీ చూస్తారు కాబట్టి కదలరని కొందరు, హాలు ఊగిపోతున్నప్పుడు “నో” అనడానికి ఎవరైనా వెనకాడతారని కొందరు. ఖాయంగా చెప్పగలిగింది డాన్సర్ గురించే. అద్దం ముందు, సెల్‌ఫోన్ ముందు ఆడిన పిల్లకు ఎదురుగా మూడు వందల మంది ఉండటం వేరే అనుభవం. రెండో చరణంలో చప్పట్లు అందుకోగానే ఒళ్ళు తేలికై, అప్పటిదాకా బిగుసుకున్న భుజాలు దిగడం కుర్చీలోంచి స్పష్టంగా కనిపిస్తుంది. కూలి తీసుకుని కొట్టిన చప్పట్లయినా ఆ అమ్మాయికి అందేది నిజమైన ఊపే.

## సంతకం పెట్టిన కాగితంలో ఏముంటుంది

గేటు దగ్గర ఫోన్ తీసుకుంటారు, లేదా కెమెరా మీద స్టిక్కర్ వేస్తారు. ఫలితాలు బయటికి పొక్కకూడదు. షూట్‌కూ టెలికాస్ట్‌కూ మధ్య వారాలు గడవొచ్చు. ఒక కాగితం మీద సంతకం కూడా పెట్టించుకుంటారు, లేదా “లోపలికి వస్తే చిత్రీకరణకు ఒప్పుకున్నట్టే” అని బోర్డు పెడతారు. కాగితం సాధారణంగా ఇంగ్లీషులో ఉంటుంది, వెనక క్యూ తోస్తుంటుంది, ఎవరూ చదవరు. అందులో ముఖ్యంగా రెండు మాటలుంటాయి. మీ మొహం, గొంతు ఉన్న ఫుటేజీని ఏ మాధ్యమంలోనైనా, ఎంతకాలమైనా, ఎలా కత్తిరించైనా వాడుకోవచ్చని మీరు ఒప్పుకున్నారు. లోపల చూసింది టెలికాస్ట్ అయ్యేదాకా బయట చెప్పనని మాట ఇచ్చారు. పైన చెప్పిన మూడో వాడకానికి కూడా కంపెనీ చూపించేది ఈ మొదటి మాటనే.

చట్టం ఇప్పుడు ఎక్కడుంది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంతో తీర్పు చెప్పింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన న్యాయమూర్తి. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, దేనికోసమో తెలిసి, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని, నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని భాషల్లో గానీ చదువుకునే వీలుండాలని ఆ చట్టం అంటుంది. తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఆ షెడ్యూల్‌లో ఉన్నవే. క్యూలో తోసుకుంటూ చదవకుండా పెట్టిన సంతకం ఈ కొలతకు ఎంతవరకు నిలుస్తుందన్నది న్యాయంగా అడగాల్సిన ప్రశ్న. కంపెనీల వైపు నుంచి చూస్తే, మూడు వందల మందిలో ఒక్కరు తర్వాత మనసు మార్చుకున్నా ఎపిసోడ్ మొత్తం ఆగిపోతే షోలు తీయడమే కష్టమన్నది కూడా నిజమే.

## పాసు అమ్ముతున్నారంటే

దీనిలో తర్జనభర్జన ఏమీ లేదు. ఆడియెన్స్ సీటుకు ప్రొడక్షన్ డబ్బివ్వొచ్చు, ఊరికే పిలవొచ్చు. సీటు కోసమని మన దగ్గర “రిజిస్ట్రేషన్” డబ్బు యూపీఐలో వేయమంటే అనుమానించాల్సిందే. ఆడిషన్‌కు ఫీజు లేదని ఛానెళ్ళు స్క్రోలింగుల్లో చెబుతూనే ఉంటాయి. మోసగాళ్ళ మామూలు ఎత్తు ఏమిటంటే ముందు ఆడియెన్స్‌గా పిలిచి, తర్వాత “మీ పాపను స్టేజీ ఎక్కిస్తాం” అని పోర్ట్‌ఫోలియోకు, అంటే ఫొటోల ఆల్బమ్‌కు, పెద్ద మొత్తం అడగడం. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా చెబితే ఆ డబ్బును ఖాతాలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

## స్టేజీ మీద పిల్లలుంటే

చిన్నపిల్లల డాన్స్ షోలకు ఆడియెన్స్‌గా వెళ్ళేవాళ్ళకు ఇంకో కోణం తెలిసి ఉండటం మంచిది. 2008లో కోల్‌కతాకు చెందిన ఒక పదహారేళ్ళ అమ్మాయి బెంగాలీ టీవీ డాన్స్ షోలో జడ్జిల మాటలు పడ్డాక మాట, కదలిక పోగొట్టుకుని మంచం పట్టింది. చికిత్సకు బెంగళూరులో మానసిక, నరాల జబ్బులకు వైద్యం చేసే నిమ్హాన్స్‌కు తీసుకొచ్చారు. ఆ మాటలే కారణమని తల్లిదండ్రులు అన్నారు. టీవీ షోలలో పిల్లల గురించి దేశంలో గట్టి చర్చ మొదలైంది అప్పుడే.

ఆ తర్వాత నిబంధనలు మెల్లగా గట్టిపడ్డాయి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, 2017 నాటి నిబంధనల ప్రకారం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలతో ఇలాంటి కార్యక్రమం చెయ్యాలంటే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరసగా 27 రోజులకు మించి కుదరదు. వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం పిల్లల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చెయ్యాలి. ఐదుగురు పిల్లలకు ఒక బాధ్యుడు ఉండాలి. 2019 జూన్‌లో సమాచార ప్రసార శాఖ కూడా డాన్స్ షోలలో పెద్దల సినిమా పాటలకు పిల్లలతో అసభ్యమైన కదలికలు చేయించవద్దని ఛానెళ్ళకు సూచన పంపింది.

పైన వేసిన లెక్క ప్రకారం షూట్ పది పదకొండు గంటలు నడుస్తుంది. ఐదు గంటల నిబంధన అక్కడ ఎలా ఇముడుతుంది? పిల్లలు స్టేజీ మీద ఉండేది కాసేపే, మిగతాది విశ్రాంతే అని నిర్మాణ సంస్థల మాట. మేకప్ వేసుకుని, జడకు బరువైన పూలు కట్టుకుని, తన పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియక ఏడేళ్ళ పిల్ల రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోవడం విశ్రాంతి ఎలా అవుతుందని పిల్లల హక్కుల వాళ్ళ మాట. ఈ విషయంలో నేను రెండోవాళ్ళ వైపే. ఇంటివాళ్ళకు చెప్పాలని ఉన్నా, పాప అవకాశం పోతుందని నోరు మెదపలేరు. ఆడియెన్స్‌కు అలాంటి భయం లేదు. ఆ రోజు ఫ్లోర్ మీద ఎంతసేపు ఏం జరిగిందో మొదటినుంచి చివరిదాకా చూసిన బయటివాళ్ళు వాళ్ళే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చు, చేసినవాళ్ళ పేరు చెప్పాల్సిన అవసరం లేదు.